గుర్రం బొమ్మ గీయడానికి గ్రాంథికం రావాలా?

ఇవాళ్టి ఎపిసోడ్ నేర్పే పుస్తకాల గురించి. ‘మంచి లీడర్ అవడం ఎలా’ దగ్గర్నుంచి ‘జంతువుల బొమ్మలు గీయడం ఎలా’ దాకా, గురువు లేకుండా మనంతట మనం నేర్చుకోడానికి కొనే పుస్తకాలన్నమాట. ఫోన్లో వీడియోలుండగా అవెందుకంటారా? ఆ వీడియోలో వాళ్లు చెప్పే తెలుగు మీకు అర్థమవుతోంది కదా, అలాంటి తెలుగుని పుస్తకంలో రాయొచ్చా అని ఒకప్పుడు పెద్ద గొడవే జరిగింది. అది రాజుకున్న ఊళ్లలో మన విశాఖపట్నం ఒకటి.

ముందు ఈ వాక్యం వినండి. “అశ్వముఖమును చిత్రింపఁదలఁచినవాఁడు తొలుత అండాకారమును లిఖింపవలయును.” ఇది ఏ పుస్తకంలోదీ కాదు, నేనే అల్లాను. ఇప్పుడు ఇది: “గుర్రం మొహం గీయాలంటే ముందు గుడ్డు ఆకారం గీయండి.” విషయం ఒకటే. కానీ మొదటిది చదివిన పిల్లాడు పెన్సిల్ కంటే ముందు నిఘంటువు పట్టుకోవాలి. ఆ నిఘంటువు ఎవరింట్లో ఉంటుంది? అసలు ప్రశ్న అదీ.

1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారూ ఆయన మిత్రులూ హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. చరిత్ర, సైన్సు, గొప్పవాళ్ల జీవితాలు తెలుగులోకి తేవాలని. మొదటి పుస్తకం ఏంటో తెలుసా? అబ్రహాం లింకన్ చరిత్ర! రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. నన్నడిగితే తెలుగులో లీడర్‌షిప్ పుస్తకాల లెక్క అక్కణ్ణుంచి మొదలెట్టొచ్చు. ఆయన 1908లో పత్రికలో వచ్చిన వ్యాసానికి రాజద్రోహం కేసులో జైలుకెళ్లారు. తర్వాత గ్రంథాలయాల కోసం, వయోజన విద్య కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. అయితే మండలి పుస్తకాల భాష మాత్రం చాలావరకు గ్రాంథికమే, కాస్త తేలిక చేసిన గ్రాంథికం.

అదే రోజుల్లో ఉత్తర కోస్తాకి స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా జె. ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన వచ్చాడు. ఆయనకో సందేహం. జనం మాట్లాడే తెలుగు వేరు, బడి పుస్తకంలో తెలుగు వేరు, ఎందుకు? ఈ ప్రశ్న విశాఖలో ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి. టి. శ్రీనివాస అయ్యంగారి దగ్గరికి వచ్చింది. (ఏవీఎన్ కాలేజీ డౌన్ అంటే విశాఖ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.) అయ్యంగారు ఇద్దరి పేర్లు చెప్పారు. విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి. ఇద్దరూ చిన్నప్పుడు విజయనగరంలో ఒకే బళ్లో చదువుకున్నవాళ్లే.

గిడుగు వారి సంగతి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే పుస్తకం లేకుండా నేర్చుకోవడం ఎంత కష్టమో ఆయనకి అనుభవం. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. నేర్పే పుస్తకం లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, విని, రాసుకుని నేర్చుకున్నారు. తర్వాత సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బళ్లు పెట్టించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. సవర పిల్లాడికి సవరలో చదువు చెప్పాలన్న మనిషి, తెలుగు పిల్లాడికి ఎవరూ మాట్లాడని తెలుగులో చెప్తుంటే ఊరుకుంటాడా?

అవతలి వాళ్లని విలన్లుగా చూడకండి. జయంతి రామయ్య పంతులు గారి లాంటి పండితుల వాదన కూడా గట్టిదే. ఎవరి వాడుక రాయాలి? శ్రీకాకుళానిదా, నెల్లూరుదా? గ్రాంథికం అయితే అందరికీ ఒకటే అన్నారు. నాకైతే దానికి జవాబు తేలిక. అందరికీ సమానంగా అర్థంకానిది అందరిదీ ఎలా అవుతుంది? కానీ అప్పట్లో బలం వాళ్లదే. స్కూల్ ఫైనల్లో వ్యాసం వాడుక భాషలోనూ రాయొచ్చని కొద్దికాలం అవకాశం ఇచ్చి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. ఆ మరుసటేడు ఆయన పోయారు.

ఈలోగా విశాఖ మారిపోయింది. 1933లో పోర్టు తెరుచుకుంది. 1941లో షిప్‌యార్డుకి పునాది పడింది, 1948లో ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి దిగింది. వించి తిప్పడం, రేకు అతకడం లాంటి పనులు తెలుగు కూలీలు ఎక్కువగా మేస్త్రీ పక్కన నిలబడి, చూసి నేర్చుకున్నవే. మేస్త్రీ మనవాడైతే నేర్పుతాడు, కాకపోతే లేదు. పుస్తకానికి ఆ తేడా ఉండదు. కాకపోతే అది చదవగలిగే భాషలో ఉండాలి.

ఇవాళ యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ తెరిస్తే పక్కన కూర్చుని చెప్తున్నట్టుంటుంది. అది మామూలే కదా అనిపిస్తుంది మనకి. 1940 జనవరి 15న, ఒంట్లో ఓపిక లేకపోయినా గిడుగు వారు పత్రికల వాళ్లని కూర్చోబెట్టుకుని చివరిసారి విన్నవించుకున్నారు. పత్రికలు వాడుక భాషకి వస్తున్నాయి, విద్యాశాఖా విశ్వవిద్యాలయమే ఇంకా గ్రాంథికం వదలట్లేదని ఆయన బాధ. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరుకి వచ్చి అప్పటికి పదేళ్లు. ఆ తర్వాత వారం రోజులకి, జనవరి 22న, ఆయన కన్నుమూశారు.