జింకతోలు, మేకతోలు

తోలుబొమ్మలాట తెలుగుదేశమున చిరకాలముగా వర్ధిల్లిన కళ. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోనే దీని ప్రసక్తి కలదు. ఆటను గూర్చియు, పాటను గూర్చియు పండితులు వ్రాసిరి. కాని బొమ్మకు ఆధారమైన తోలుకును, దానిని ఇంటివాకిట సిద్ధపరచు పద్ధతికిని కూడ ఒక చరిత్ర కలదు.

చెప్పుల తోలు వేరు, బొమ్మ తోలు వేరు. సున్నపునీట నానవేసి, తంగేడుచెక్కతోను కరక్కాయతోను పదునుచేసిన తోలు కుళ్లదు. మెత్తగా, బలముగా ఉండును. కాని అది ఎఱ్ఱబారి వెలుతురును అడ్డగించును. బొమ్మకు కావలసినది దీపపుకాంతిని తనగుండ పోనిచ్చు తోలు. అందుచే బొమ్మలాటవారు తంగేడుచెక్క జోలికి పోరు. పచ్చితోలును నానబెట్టి, వెండ్రుకలను, కండను, క్రొవ్వును గీకివేసి, కడిగి, నాలుగువైపుల బిగలాగి ఆరవేయుదురు. మధ్యయుగపు ఐరోపాలో గ్రంథములు వ్రాసిన చర్మపత్రములును ఇట్టివే. గీకుటలో చేయి తప్పినచో తోలు తెగును. క్రొవ్వు మిగిలినచో రంగు పట్టదు. పదునుచేయని తోలు గనుక దానికి తడియే శత్రువు.

పూర్వము ఏ బొమ్మకు ఏ తోలు అను నియమము ఉండెడిది. దేవతలకును ఇతిహాస నాయకులకును జింకతోలు. వేదకాలమునుండి కృష్ణాజినమునకు గల పవిత్రత ఇందులకు తోడ్పడి యుండవచ్చును. మోటుగా ఆడింపవలసిన భీముడు, రావణుడు మున్నగువారికి గట్టిదైన చుక్కల జింక తోలు. తక్కిన బొమ్మలకు మేకతోలు. సామాన్యముగా బొమ్మకు ఒక తోలు చాలును. పదితలల రావణునికి మాత్రము నాలుగైనను కావలెను.

ఈ వృత్తివారిలో పెక్కురు ఇంటిలో మరాఠీ మాటలాడుచు, తెరవెనుక తెలుగు పద్యము పాడువారు. ధర్మవరము సమీపమునగల నిమ్మలకుంట వీరి గ్రామములలో ప్రసిద్ధము.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో జింకవేట నిషిద్ధమయ్యెను. అడవిమృగముల రక్షణకు అది అవసరమే. కాని బొమ్మల పెట్టెలోని పాత అంతరము దానితో తొలగిపోయెను. నేడు క్రొత్తగా చేయు రాముడును, కేతిగాడును, బంగారక్కయు మేకతోలుననే పుట్టుచున్నారు. మర్యాదాభేదమును తోలు చూపజాలదు గనుక, రంగును, చిల్లుల నగిషీయును ఆ భారమును వహింపవలసి వచ్చినది.

తెల్లవార్లు ఆడు ఆటలు పల్లెలలో అరుదైనవి. నిమ్మలకుంటవారు అదే తోలుతో దీపపు గుడ్డలకు బదులు దీపపు కప్పులు చేసి జీవించుచున్నారు. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించెను. జింకతోలు పోయినను గీకుడు పోలేదు. ఆ పనిని నేర్చు చేతులున్నంతకాలము తెరపై రాముడు మరల వెలుగగలడు.