మన బుర్రలోకి ఎక్కదా? మాటకీ మెదడుకీ ఉన్న చరిత్ర

పోస్టు పెద్దదే. తీరిక దొరికినప్పుడు చదవండి, కానీ చివరిదాకా చదవండి.

మా హాస్టల్లో రాత్రి కరెంటు పోతే అందరం వరండాలో చేరతాం. కోయ వాళ్లం, కొండరెడ్లం, సవర తమ్ముళ్లు, జాతాపు పిల్లలు, అందరం. మొన్న ఒక రాత్రి ఎవరి ఒకటో తరగతి ఎలా గడిచిందో చెప్పుకున్నాం. మాలో ఒకడికి బడిలో దాహం వేసి "ఏరు" అన్నాడట. మా కోయలో ఏరు అంటే నీళ్లు. పంతులుగారికి ఏరు అంటే వాగు. బడి ఎగ్గొట్టి వాగుకి పోతానంటున్నాడనుకుని సాయంత్రం దాకా లేవనివ్వలేదట. అందరం పగలబడి నవ్వాం. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే మాలో ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు విన్న మాట ఒకటుంది: "వీళ్ల బుర్రలోకి చదువు ఎక్కదు."

అసలు బుర్రలోకి మాట ఎలా ఎక్కుతుంది? కొందరి బుర్ర తక్కువది అనే మాటకి సైన్సు ముద్ర ఎవరు వేశారు? కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాం. వెతగ్గా వెతగ్గా రెండు ప్రశ్నలూ ఒకే మనిషి దగ్గరికి తీసుకెళ్లాయి. ఆయన పేరు పాల్ బ్రోకా. ఊరు పారిస్.

1861లో బ్రోకా పనిచేసే ఆసుపత్రి వార్డుకి లెబోర్న్ అనే రోగిని తెచ్చారు. వయసు 51. చిన్నప్పటి నుంచి మూర్ఛ జబ్బు. ముప్పై ఏళ్ల వయసులో మాట పడిపోయింది. అప్పటినుంచి ఇరవై ఏళ్లకు పైగా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఏది అడిగినా "టాన్, టాన్" అనేవాడు, అంతే. అందుకే అందరూ ఆయన్ని టాన్ అనే పిలిచేవారు. కానీ ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమయ్యేది. చేతి సైగలతో జవాబు చెప్పేవాడు. ఎవరికీ తన మాట అర్థం కాకపోతే కోపం వచ్చి ఒక తిట్టు తిట్టేవాడట. ఇది చదివినప్పుడు మాకు మన "ఏరు" పిల్లాడే గుర్తొచ్చాడు. లోపల అంతా ఉంది, బయటికి రావటానికే దారి లేదు.

కొన్ని రోజులకే ఆయన చనిపోయాడు. బ్రోకా మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందు భాగంలో ఒక చోట దెబ్బతిని ఉంది. తర్వాత ఇలాంటి రోగులను ఇంకొందరిని చూసి, 1865లో తేల్చి చెప్పాడు: మనం మాట్లాడేది ఎక్కువగా మెదడు ఎడమ భాగంతో అని. ఆ చోటుని ఇప్పటికీ బ్రోకా ప్రాంతం అంటారు.

1874లో జర్మనీకి చెందిన కార్ల్ వెర్నికే ఇంకో రకం రోగుల గురించి రాశాడు. అప్పటికి ఆయనకి 26 ఏళ్లే. ఆ రోగులు గడగడా మాట్లాడతారు, కానీ అందులో అర్థం ఉండదు. ఎదుటివాళ్ల మాట వాళ్లకి తెలియదు. వాళ్లకి దెబ్బ తగిలిన చోటు వేరు, చెవికి దగ్గరగా ఉన్న వెనక భాగం. అంటే మాట వినటానికి ఒక చోటు, పలకటానికి ఒక చోటు, మధ్యలో దారి. ఇప్పుడు ఈ లెక్క కూడా చాలలేదు. బ్రోకా కోయకుండా భద్రపరిచిన లెబోర్న్ మెదడుకి ఎంఆర్ఐ స్కాన్ తీసి 2007లో ఫలితం ప్రచురించారు. దెబ్బ బ్రోకా అనుకున్నదానికన్నా చాలా లోపలి దాకా పోయిందని తేలింది. మాట ఒక్క గదిలో కాపురం ఉండదు, ఊరంతా తిరిగే వల లాంటిది.

ఇంతవరకూ బాగుంది. ఇక రెండో కథ.

అదే బ్రోకా 1859లో పారిస్‌లో ఆంత్రోపాలజీ సంఘం పెట్టాడు. పుర్రెలు కొలవటం, మెదళ్లు తూచటం ఆయన పెద్ద పని. బరువైన మెదడు ఉన్నవాడికే తెలివి ఎక్కువని నమ్మాడు. యూరప్ మగవాళ్లని పైన పెట్టి, ఆడవాళ్లనీ నల్లజాతుల వాళ్లనీ కింద పెట్టాడు. ఆయన శిష్యుడు టోపినార్ ముక్కు వెడల్పుని పొడవుతో పోల్చి లెక్కకట్టే పద్ధతి పెట్టాడు. ఆ పద్ధతినే హెర్బర్ట్ రిస్లీ అనే బ్రిటిష్ అధికారి మన దేశానికి తెచ్చాడు. ఆదివాసీల ముక్కులు, తలలు కొలిపించాడు. ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ సమాజంలో హోదా తగ్గుతుందని రాశాడు. 1901 జనాభా లెక్కలకి కమిషనర్ ఆయనే.

చూశారా, పారిస్‌లో పుట్టిన కొలబద్ద మన తాతల ముఖం దాకా వచ్చింది. మాటకి మెదడులో చోటు చూపించిన మనిషే మనుషులకి మెట్లు కూడా కట్టాడు. మొదటి పని నిలబడింది. రెండోది కూలిపోయింది. అది ఎలా కూలిందో మనం తెలుసుకోవాలి, ఎవరైనా మళ్లీ అంటే చెప్పటానికి.

ఒకటి. 1984లో కెనడాలో వెర్కర్, టీస్ అనే ఇద్దరు పసిపిల్లలకి శబ్దాలు వినిపించారు. హిందీలోని త, ట తేడా ఒకటి. అక్కడి ఆదివాసీలైన థాంప్సన్ జనం భాషలోని శబ్దాల తేడా ఇంకొకటి. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పిల్లలు ఆరు, ఎనిమిది నెలలప్పుడు ఆ తేడాలని బాగానే పట్టుకున్నారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. అంటే పుట్టినప్పుడు ఏ బిడ్డ చెవి అయినా అన్ని భాషలకీ తెరిచే ఉంటుంది. ఏడాది తిరిగేలోపే ఇంట్లో వినే భాషకి సర్దుకుంటుంది. మన పిల్లాడు బడికి ఖాళీ బుర్రతో రాడు, ఐదేళ్లు ఒక భాషకి సానపట్టిన బుర్రతో వస్తాడు.

రెండు. 1980లో కుటాస్, హిల్యార్డ్ అనే ఇద్దరు తలమీద తీగలు పెట్టి మెదడు అలలు చూశారు. "అమ్మ అన్నంలో చెప్పులు కలిపింది" లాంటి అతకని మాట వస్తే, 400 మిల్లీసెకన్ల దగ్గర, అంటే అర సెకను కూడా కాకముందే, ఒక అల లేస్తుంది. మెదడు అంత వేగంగా అర్థం వెతుకుతుంది. తర్వాత నేర్చుకున్న భాషలో ఆ అల తరచుగా కొంచెం ఆలస్యంగా లేస్తుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. క్లాసులో మనవాడు జవాబుకి ఒక్క క్షణం ఆగితే అది మందబుద్ధి కాదు. ఎక్కువ పని చేస్తున్నాడని అర్థం.

మూడు. 2022లో 12 భాషా కుటుంబాలకి చెందిన 45 భాషల వాళ్ల మెదళ్లని స్కాన్ చేసి చూశారు. మాటకి సంబంధించిన వల అందరిలో దాదాపు ఒకే చోట, ఒకే తీరుగా ఉంది. పెద్ద భాషకి పెద్ద గది, చిన్న భాషకి చిన్న గది అని లేదు.

నాలుగోది మా అమ్మానాన్నల కోసం. మాట్లాడటం అందరికీ వస్తుంది, చదవటం మాత్రం నేర్పితేనే వస్తుంది. 2010లో దెహాన్ బృందం బ్రెజిల్, పోర్చుగల్ దేశాల్లో 63 మంది పెద్దవాళ్లని చూసింది. కొందరికి అక్షరం రాదు, కొందరు పెద్దయ్యాక నేర్చుకున్నారు, కొందరు చిన్నప్పుడే బడికి వెళ్లారు. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ల మెదడులో కూడా అక్షరాల కోసం చోటు ఏర్పడింది. వేలిముద్ర వేసే మా నాయనకి తక్కువైంది మెదడు కాదు, బడి.

మన దగ్గర ఈ సంగతి స్కాన్లు లేని రోజుల్లోనే గ్రహించిన ఒకాయన ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు. వాడుక తెలుగు కోసం పోరాడారని అందరికీ తెలుసు. కానీ అంతకన్నా ముందే పర్లాకిమిడిలో ఉంటూ సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పాఠాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. పిల్లాడి భాషని పంతులు నేర్చుకోవాలి అనేది ఆయన చేసి చూపించిన మాట.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది ఆదివాసీ, గిరిజన భాషల్లో బడి పుస్తకాలతో కార్యక్రమం మొదలైంది. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా. మాలో చాలామంది చేతికి ఆ పుస్తకాలు రానేలేదు. మేము నేరుగా తెలుగులో దూకాం, ఇప్పుడు ఇంగ్లీషులో ఈదుతున్నాం. ఒడ్డుకి చేరినవాళ్లం కొందరం. మధ్యలో బడి మానేసినవాళ్ల పేర్లు మా అందరికీ గుర్తే.

తెలుగు వద్దు, ఇంగ్లీషు వద్దు అని మేము అనటం లేదు. అవీ కావాలి. ఇంటి భాష మెట్టు మీద కాలుపెట్టి ఎక్కనివ్వండి అంటున్నాం.

ఈ సంక్రాంతి సెలవులకి ఊరెళ్తున్నాం కదా. మేమైతే ఒక పని అనుకున్నాం. ఒక్కొక్కరం మన ఊరి బడికి వెళ్లి, ఒకటో తరగతి పిల్లలు రోజూ వాడే యాభై మాటలు మన భాషలో, తెలుగులో పక్కపక్కన చార్టు రాసి పంతులుగారికి ఇస్తాం. నీళ్లు, ఆకలి, కడుపునొప్పి, ఒంటికి, భయం, అమ్మ. మీరూ చేయండి, ఫొటో ఇక్కడ పెట్టండి.

మా చార్టులో మొదటి మాట ఏరు.