పన్నెండో నంబరు గ్యాసు

1960ల నడుమ సికింద్రాబాద్‌లోని ఒక రిఫ్రిజిరేటర్ల కంపెనీలో కుర్ర ఇంజనీరొకరు చేరారు. అణ్ణామలై విశ్వవిద్యాలయంలో అప్పుడే చదువు ముగించి వచ్చిన ఆయనకు అప్పగించిన పని, యంత్రాల్లోంచి గ్యాసు ఎందుకంత తొందరగా కారిపోతోందో కనిపెట్టడం. ఆ గ్యాసు క్లోరోఫ్లోరోకార్బన్ (సీఎఫ్‌సీ). ఆ ఇంజనీరు వీరభద్రన్ రామనాథన్. పదేళ్లు తిరిగేసరికి ఆయన అమెరికాలో నాసా పరిశోధన కేంద్రంలో ఉన్నారు. అలా కారిపోయిన గ్యాసు పైకెళ్లి ఏం చేస్తుందో లెక్కగట్టి 1975లో ‘సైన్స్’ పత్రికలో అచ్చువేశారు. భూమి వేడిని పట్టి ఉంచడంలో ఒక్క సీఎఫ్‌సీ అణువు దాదాపు పదివేల కార్బన్ డయాక్సైడ్ అణువుల పెట్టు అని ఆ లెక్క తేల్చింది.

పాత కారు ఉన్నవాళ్లందరికీ ఈ కారుడు సంగతి తెలుసు. ఎండలు ముదరగానే ఏసీ వేడి గాలి కొడుతుంది, షెడ్డుకు తీసుకెళ్తే “గ్యాస్ అయిపోయింది సార్, పట్టించాలి” అంటారు. అయిపోయిన గ్యాసు ఎక్కడికి పోయిందని అడిగేవాళ్లు తక్కువ. ఇంటి ఫ్రిజ్‌లో మోటారు, కంప్రెసర్ రెండూ ఒకే ఇనుప డొల్లలో వెల్డింగ్ చేసి ఉంటాయి, అందుకే ఏళ్ల తరబడి గ్యాసు కదలదు. కారులో అలా కుదరదు. కంప్రెసర్‌ను ఇంజను బెల్టు తిప్పాలి కాబట్టి దాని ఇరుసు బయటికి రావాలి, ఆ ఇరుసు చుట్టూ సీలు ఉండాలి. ఇంజను అదురుతుంటుంది కాబట్టి గొట్టాలు రబ్బరువి కావాలి. సీలు అరుగుతుంది, రబ్బరులోంచి గ్యాసు ఊరుతుంది. పాత కార్ల ఏసీలో గ్యాసు మార్చడమనే పని మెకానిక్కుల మెడకు పడటానికి మూలం ఇక్కడే ఉంది.

ఆ గ్యాసు పుట్టిన తీరు మాత్రం ఒక అద్భుత కథ. దాన్ని కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి.

అంతకుముందు చలువ యంత్రాల్లో తిరిగినవి అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్. మొదటిది కళ్లు మండిస్తుంది, రెండోది ఊపిరాడనివ్వదు, మూడోదానికి చెప్పుకోదగ్గ ఘాటు లేదు కనుక మనిషి మేలుకునే లోపే చంపేస్తుంది. బెర్లిన్‌లో ఫ్రిజ్ గ్యాసు కారి ఒక కుటుంబం చనిపోయిందన్న వార్త చదివి కలత పడిన ఐన్‌స్టయిన్, తన మిత్రుడు లియో జిలార్డ్‌తో కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్ ఒకటి రూపొందించారు. దానికి 1930లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. సాపేక్ష సిద్ధాంతం చెప్పినాయన ఫ్రిజ్ గురించి కూర్చుని ఆలోచించారంటే ఆ భయం ఎంతటిదో తెలుస్తుంది.

జనరల్ మోటార్స్‌కు కార్లతో పాటు ‘ఫ్రిజిడేర్’ ఫ్రిజ్‌ల వ్యాపారం కూడా ఉండేది. విషం కాని, మండని గ్యాసు కావాలని 1928లో ఆ సంస్థ థామస్ మిడ్జ్‌లీని అడిగింది. ఆయన చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, పేరు తెచ్చుకున్నది రసాయనశాస్త్రంలో. పెట్రోలులో సీసం కలిపితే ఇంజను కొట్టుకోవడం ఆగుతుందని 1921లో కనిపెట్టింది కూడా ఆయనే. ఈసారి ఆల్బర్ట్ హెన్, రాబర్ట్ మెక్‌నరీలతో కలిసి పట్టికలు ముందేసుకు కూర్చున్నారు. ఆ పట్టికల్లో ఒకచోట కార్బన్ టెట్రాఫ్లోరైడ్ మరిగే ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీలని ఉంది. అది తప్పు. అసలు విలువ మైనస్ 128. కానీ ఆ తప్పు అంకె వాళ్ల చూపును ఫ్లోరిన్ వైపు తిప్పింది. ఆవర్తన పట్టికలో కుడివైపుకు జరిగేకొద్దీ మండే గుణం తగ్గుతుంది, కింది నుంచి పైకి వెళ్లేకొద్దీ విష గుణం తగ్గుతుంది. రెండు దారులూ వెళ్లి కలిసేది ఫ్లోరిన్ దగ్గరే. ఫ్లోరిన్ అంటే విషమేనని అందరూ నమ్మే రోజుల్లో వాళ్లు ఆ దారి పట్టారు.

గ్యాసు తయారీకి యాంటిమొనీ ట్రైఫ్లోరైడ్ కావాల్సి వచ్చింది. చిన్న చిన్న సీసాలు ఐదు సంపాదించారు. అందులోంచి చేతికందిన ఒకదాన్ని తీసి కొద్ది గ్రాముల డైక్లోరోడైఫ్లోరోమీథేన్ చేసి, గాజు గంట కింద ఒక గినీ పందిని ఉంచి వదిలారు. అది హాయిగా ఉంది. రెండో సీసాతో చేసిన గ్యాసుకు మాత్రం చచ్చిపోయింది. వెతికితే తేలిన సంగతి ఇది: ఐదింటిలో సరుకు సరిగా ఉన్నది మొదటి సీసాలో మాత్రమే. మిగిలిన నాలుగింటిలోనూ నీరు పట్టి ఉన్న లవణం కలిసింది, దానివల్ల ఫాస్‌జీన్ అనే విషవాయువు పుట్టింది. మొదట ఆ నాలుగింటిలో ఏది చేతికి తగిలినా, అనుకున్నట్టే విషమని తేల్చి ప్రయత్నం మానేసేవాళ్లమేమోనని మిడ్జ్‌లీయే తర్వాత రాసుకున్నారు. పట్టికలో అచ్చుతప్పు, అయిదింట్లో ఒక సీసా! ఈ రెండూ లేకపోతే ఇరవయ్యో శతాబ్దపు చల్లదనం మరో దారిన వచ్చేది.

1930 ఏప్రిల్‌లో అట్లాంటాలో జరిగిన అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో మిడ్జ్‌లీ ఆ గ్యాసును నిండుగా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి మెల్లగా వదిలారు. కొవ్వొత్తి ఆరిపోయింది, మిడ్జ్‌లీ నవ్వుతూ నిలబడ్డారు. విషం కాదని, మండదని ఒక్క ఊపిరితో చూపించేశారు. అదే ఏడు డ్యూపాంట్, జనరల్ మోటార్స్ కలిసి ‘ఫ్రియాన్’ పేరుతో ఆ గ్యాసు తయారీకి కంపెనీ పెట్టాయి. పోలియోతో మంచం పట్టిన మిడ్జ్‌లీ, తనను లేపడానికి తానే కట్టుకున్న తాళ్ల అమరికలో చిక్కుకుని 1944లో మరణించారు. తన గ్యాసు ఆకాశంలో ఏం చేసిందో ఆయనకు తెలియదు. దాన్ని కొలిచే పరికరమే అప్పటికి పుట్టలేదు. ఆయన్ని ఇప్పుడు దుర్మార్గుడిగా చూపే రాతలు చాలా కనిపిస్తాయి, అవి న్యాయం కాదు. ఫ్రిజ్ పక్కన పిల్లల్ని నిర్భయంగా పడుకోబెట్టగలిగిన కోట్ల ఇళ్లను కూడా లెక్కలో వేయాలి.

పేర్లలోని అంకెలకూ ఒక చమత్కారం ఉంది. మిడ్జ్‌లీ గ్యాసు పేరు ఆర్-12. అందులోని 12కు 90 కలిపితే 102. అంటే ఒక కార్బన్, హైడ్రోజన్ సున్నా, రెండు ఫ్లోరిన్లు. కార్బన్‌కు మిగిలిన చేతుల్లో క్లోరిన్. దాని స్థానంలోకి తర్వాత వచ్చిన 134ఏలోని 134కు 90 కలిపితే 224. రెండు కార్బన్లు, రెండు హైడ్రోజన్లు, నాలుగు ఫ్లోరిన్లు. క్లోరిన్‌కు చోటే లేదు. పాత కారు ఏసీ మార్పిడి కథంతా ఈ రెండు అంకెల తేడాలోనే ఉంది.

కార్లలోకి ఆర్-12 తొలిసారి వచ్చింది ప్యాకార్డ్ కంపెనీతో. 1939 నవంబరులో చికాగో ప్రదర్శనలో పెట్టిన ఆ కారులో ఏసీ ధర 274 డాలర్లు. కూలింగ్ కాయిల్ డిక్కీలో సగం ఆక్రమించేది, చల్లగాలి వెనక సీటు వెనక నుంచి వచ్చి మెడ మీద తగిలేది. కంప్రెసర్‌కు క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే బండి ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. 1954లో నాష్ కంపెనీ ఏసీ సరంజామా అంతా కారు ముందుభాగంలోనే ఇమిడ్చింది. 1969 నాటికి అమెరికాలో అమ్మిన కొత్త కార్లలో సగానికి పైగా ఏసీతోనే వచ్చాయి. మన దగ్గర అంబాసిడర్లకూ ప్రీమియర్ పద్మినీలకూ డాష్‌బోర్డు కింద వేలాడే పెట్టె ఒకటి విడిగా బిగించేవారు.

ఆ తర్వాతి కథ తెలిసిందే. సీఎఫ్‌సీల్లోని క్లోరిన్ ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో శాస్త్రవేత్తలు రోలండ్, మొలీనాల హెచ్చరిక, 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం, ఆ గ్యాసులను తగ్గించాలని 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం. అమెరికా 1995 ఆఖరుకు ఆర్-12 తయారీ ఆపింది. మన దేశంలో 2003 జనవరి నుంచి కొత్త కార్ల ఏసీల్లో సీఎఫ్‌సీ నిషిద్ధం. 2008 ఆగస్టులో గడువుకు ముందే తయారీ ఆగింది, ఆస్తమా రోగుల ఇన్‌హేలర్లకు మాత్రం మినహాయింపు. ప్రత్యామ్నాయమైన 134ఏ తయారీ మీద హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు కూడా పనిచేశారు.

రోడ్ల మీద ఉన్న పాత కార్ల మాటేమిటి? పాత గ్యాసు తీసేసి కొత్తది ఎక్కిస్తే సరిపోతుందని కారు యజమాని అనుకుంటాడు. సరిపోదు.

మొదటి చిక్కు నూనెతో. ఆర్-12 తనతో పాటు మినరల్ ఆయిల్‌ను కలుపుకుని కంప్రెసర్ దాకా మళ్లీ మోసుకొచ్చేది. 134ఏకూ ఆ నూనెకూ పొత్తు కుదరదు. నూనె కాయిల్‌లో ఎక్కడో చేరి ఉండిపోతుంది, కంప్రెసర్ ఎండిపోయి పట్టేస్తుంది. అందుకే కంప్రెసర్ విప్పి, తలకిందులు చేసి, పాత నూనె వంచేసి, పీఏజీ, ఎస్టర్ అనే కృత్రిమ నూనెల్లో ఒకటి పోయాలి. పాత నూనె కాస్త మిగిలిపోయినా ఓర్చుకుంటుందని చాలామంది ఎస్టర్ వైపు మొగ్గారు. ఇంకో సంగతి, పాత గ్యాసులోని క్లోరిన్ లోహం మీద పలుచని పొరగా ఏర్పడి అరుగుదలను అడ్డుకునేది. ఓజోన్‌ను తిన్న క్లోరినే కంప్రెసర్‌ను కాపాడిందన్నమాట. కొత్త గ్యాసుతో ఆ రక్షణ పోయింది, ఆ పని కూడా నూనె మీదే పడింది.

134ఏ అణువు చిన్నది. పాత రబ్బరు గొట్టాల్లోంచి సులువుగా ఊరిపోతుంది కనుక లోపల నైలాన్ పొర ఉన్న గొట్టాలు వచ్చాయి, ఓరింగులు మారాయి. తేమను పీల్చే పాత డ్రయర్‌లోని ఎక్స్‌హెచ్-5 గుళికలు దీనికి పడవు, ఎక్స్‌హెచ్-7 గానీ 9 గానీ ఉన్న డ్రయర్ వేయాలి. ఆపైన వ్యాక్యూమ్ పెట్టి తడి పూర్తిగా లాగేయాలి, ఎందుకంటే పీఏజీ నూనె గాలిలోని తేమను పీల్చేస్తుంది.

అన్నిటికంటే మన ఎండలకు తగిలే చిక్కు, గ్యాసును చల్లార్చి ద్రవం చేసే కండెన్సర్‌ది. సున్నా డిగ్రీల దగ్గర రెండు గ్యాసుల పీడనమూ ఇంచుమించు ఒకటే, 134ఏది కాస్త తక్కువ కూడా. 60 డిగ్రీలకు వచ్చేసరికి 134ఏ పీడనం పది శాతం ఎక్కువ. రెంటచింతలలో 45 డిగ్రీల ఎండలో సిగ్నల్ దగ్గర ఆగిన కారు కండెన్సర్‌లో గ్యాసు 60 దాటిన వేడి మీదే ద్రవం కావాలి. అమెరికాలోని చల్లని రాష్ట్రాల్లో గొట్టాలూ కండెన్సరూ మార్చకుండా నెట్టుకొచ్చిన మార్పిడి ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి చేతులెత్తేస్తుంది. పెద్ద కండెన్సరు, బలమైన ఫ్యాను లేకుండా మన దగ్గర మార్పిడి చేయించడం డబ్బు దండగ.

కొలత కూడా మారింది. ఆర్-12 పట్టిన దానిలో 80 నుంచి 90 శాతం బరువే 134ఏ ఎక్కించాలి. పాత మెకానిక్కు డ్రయర్ మీది సైట్ గ్లాస్‌లోకి చూసేవాడు, బుడగలు పోగానే చాలనేవాడు. 134ఏలో ఆ చూపు మోసపోతుంది. బుడగలు పోయేదాకా ఎక్కిస్తే ఎక్కువవుతుంది. లీకు వెతికే విద్య కూడా అలాగే పోయింది. హేలైడ్ దీపమని ఒకటి ఉండేది, రాగి రేకును తాకుతూ మండే చిన్న మంట. దాని గొట్టం కొసను జాయింట్ల వెంట తిప్పితే గ్యాసు కారే చోట మంట ఆకుపచ్చగా మారేది. ఆ రంగు క్లోరిన్ రాగితో కలవడం వల్ల వచ్చేది. క్లోరిన్ లేని గ్యాసుకు ఆ దీపం గుడ్డిది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ పరికరాలున్నాయి, లేని చోట సబ్బు నురగ ఉంది. కానీ కంటితో బుడగనూ మంటనూ చదివిన ఆ తరం పనితనాన్ని ఎవరూ రాసి దాచలేదు, అది నిజంగా పెద్ద నష్టం. అంతకంటే బాధాకరమైనది, మార్పిడి రోజుల్లో పాత గ్యాసును చాలా షెడ్లలో ఊరికే గాలిలోకి వదిలేయడం. ఆర్-12 ఆకాశంలో దాదాపు వందేళ్లు ఉంటుంది. ఓజోన్‌ను కాపాడటానికి చేసిన పనిలోనే ఓజోన్‌కు గాయం చేశారు. వెనక్కి లాగి సిలిండర్‌లో పట్టే యంత్రం షెడ్డు షెడ్డుకూ చేరి ఉంటే ఇది జరిగేది కాదు.

నిషేధం వచ్చిన చోట దొంగ సరుకూ వచ్చింది. 1990ల నడుమ మయామీ రేవులో మాదకద్రవ్యాల తర్వాత లాభసాటి దొంగ సరుకు ఆర్-12 అని కస్టమ్స్ వాళ్లే అన్నారు. అందులో పన్ను ఎగవేత కూడా ఉంది, 1995లో పౌనుకు 5.35 డాలర్ల పన్ను మరి. 134ఏకూ నకిలీలు పుట్టాయి. 2011లో వియత్నాంలో సర్వీసు చేసిన ఓడల చలువ కంటైనర్లు పేలి ముగ్గురు చనిపోయారు. 134ఏ పేరుతో ఎక్కించిన దానిలో మిథైల్ క్లోరైడ్ ఉంది, మిడ్జ్‌లీ తొలగించాలనుకున్న పాత విషమే. అది అల్యూమినియంతో కలిస్తే గాలి తగిలిన క్షణంలో అంటుకునే పదార్థం పుడుతుంది. రేటు తక్కువని పేరూ ముద్రా లేని సిలిండర్‌తో గ్యాసు పట్టించుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

134ఏకూ ఇప్పుడు కాలం చెల్లుతోంది. ఓజోన్‌ను తాకకపోయినా భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు వెయ్యి రెట్లకు పైనే. ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లలో దాన్ని వాడకూడదు. వారసుడు ఆర్-1234వైఎఫ్, ఆకాశంలో రెండు వారాలైనా నిలవదు, కానీ కొద్దిగా మండే గుణం ఉంది. 2012లో తమ పరీక్షల్లో మంటలు వచ్చాయని మెర్సిడెస్ తయారీదారు డైమ్లర్ అడ్డం తిరిగి 134ఏనే వాడటం, మరుసటి ఏడు ఫ్రాన్స్ అలాంటి కొన్ని మోడళ్ల రిజిస్ట్రేషన్లే ఆపేయడం పెద్ద రగడ అయింది. మాంట్రియల్ ఒప్పందానికి చేసిన, మన దేశం 2021లో ఆమోదించిన కిగాలీ సవరణ ప్రకారం ఇలాంటి గ్యాసుల వాడకం 2032 నుంచి తగ్గుతూ 2047 నాటికి 85 శాతం కోత పడాలి. అప్పటిదాకా 134ఏ కార్లు ఇక్కడ లక్షల్లో తిరుగుతాయి. పాత సిలిండర్లూ గేజులూ కొత్త గ్యాసుకు తగలకుండా దాని నాజిళ్లను వేరే కొలతల్లో చేశారు. అయినా మండే గ్యాసుతో పనిచేయాల్సిన మెకానిక్కుకు శిక్షణ, వెనక్కి లాగే యంత్రం, గ్రాముల్లో తూచే త్రాసు ఇవన్నీ గడువుకు ముందే ఊరూరా అందాలి, వాటి ఖర్చు చిన్న షెడ్డు ఒక్కదాని నెత్తిన పడకూడదు.