జలభారముతో నెక్కు బండి

ఇంగ్లండున డెవన్ మండలపు ఉత్తర తీరమందు, నిట్టనిలువుగా లేచిన కొండకు శిరస్సున లింటన్, పాదమున లిన్మత్ అను రెండూళ్లు కలవు. కవి షెల్లీ 1812లో సతీసమేతుడై విడిసిన చోటు ఈ లిన్మతే. సముద్రపు గాలిని ఆశించి వచ్చు విహారయాత్రికులును, ఓడలనుండి దిగు బొగ్గును, సున్నమును, ధాన్యమును ఆ కొండ నెక్కుటకు గుఱ్ఱములు తప్ప వేఱు సాధనము లేకుండెను. ఆ మూగజీవములు ఆ యెక్కుడు శ్రమకోర్వజాలక అల్పకాలముననే పనికి దూరమగుచుండెడివి.

ఆ శ్రమను తొలగించినది 1890 ఏప్రిల్ 7న, ఈస్టరు సోమవారమున, ప్రారంభమైన కొండబండి. ధనమిచ్చినవాడు పత్రికాధిపతి జార్జి న్యూన్స్; షెర్లాక్ హోమ్స్ చిన్నకథలను మఱుసటి యేటినుండి తన 'స్ట్రాండ్' మాసపత్రికయందు ప్రకటించినవాడును ఈతడే. నిర్మాణవిధానమును యోచించినవాడు జార్జి క్రాయిడన్ మార్క్స్ అను ఇంజనీరు.

862 అడుగుల పట్టాలపై 500 అడుగుల యెత్తున కెక్కు ఈ బండికి ఆవిరియంత్రము లేదు, పొగ లేదు. నూతిగిలకపై ఒక చేద దిగుచుండ మఱియొకటి పైకి వచ్చునట్లు, ఉక్కుతాటి రెండు కొనలకు కట్టబడిన రెండు పెట్టెలలో ఒకటి దిగుటయే రెండవదాని కారోహణము. ప్రతి పెట్టె క్రిందను 700 గ్యాలన్లు పట్టు తొట్టి యుండును. రెండు తొట్లును నిండియుండగా, సంజ్ఞ అందుకొని క్రింది బండివాడు తన తొట్టినీటిని కొంచెము కొంచెముగా విడుచును. పై పెట్టె బరువు మిక్కుటమైన క్షణమున రెండును కదలును. బండివాడు పట్టి యుంచిననే తప్ప బ్రేకు సడలదు. వాని చేయి జాఱినచో బండి నిలిచిపోవును. ప్రయాణికుల ప్రాణములయెడ మార్క్స్ వహించిన ఈ శ్రద్ధయే అతని ప్రజ్ఞకంటె నాకు గొప్పదిగా తోచును.

ఈ నీరు మైలుకు మించిన దూరమునుండి గొట్టములలో వచ్చు వెస్ట్ లిన్ నదీజలము. దానిని శాశ్వతముగా వాడుకొను హక్కు 1888 నాటి పార్లమెంటు శాసనముచే లభించినది. 1952 ఆగస్టు 15 రాత్రి ఎక్స్‌మూర్ బీడుపై కుంభవృష్టి కురియగా, ఈ నదియు, దాని తోడిదైన ఈస్ట్ లిన్ నదియు బండరాళ్లను దొర్లించుకొనుచు లిన్మత్‌పై విఱుచుకుపడి, ఇండ్లను వంతెనలను ఊడ్చివైచినవి. ఆ వఱదలో 34 మంది మరణించిరి. కొండబండి తొట్లలో నేటికిని నిండునది ఆ వెస్ట్ లిన్ నీరే.