కూలి, కులీ, కూలీ

పొద్దున్నే పటాన్‌చెరు అడ్డా మీద మేస్త్రీ "కూలి ఎంత?" అంటే డబ్బు గురించి అడుగుతున్నట్టు. పక్కన నిలబడ్డ బిహార్ కుర్రాడికి ఆ డబ్బు 'దిహాడీ'. అతనికి 'కులీ' అంటే స్టేషన్‌లో సామాన్లు మోసే మనిషి. మనకి డబ్బయిన మాట అతనికి మనిషి ఎలా అయింది?

తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ కూలి అంటే చేసిన పనికి రావాల్సిన డబ్బే. తుర్కీ దారి వేరు. అక్కడ 'కుల్' అంటే బానిస, సేవకుడు. హమదాన్ నుంచి వచ్చి 1518లో గోల్కొండ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ పేరులోనూ, 1591లో హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ పేరులోనూ ఉన్నది ఆ మాటే. మహమ్మద్ కులీ అంటే మహమ్మద్ సేవకుడు. మన రామదాసు లాంటి పేరన్నమాట. ఆ కుతుబ్‌షాహీల కాలంలోనే, అప్పట్లో పొట్లచెరువు అనే ఈ పటాన్‌చెరులో ఉన్న అమీన్ ఖాన్, పొన్నెగంటి తెలగన్న రాసిన అచ్చతెలుగు 'యయాతి చరిత్ర'ను అంకితం పుచ్చుకున్నాడు. తుర్కీ పేర్లూ అచ్చతెలుగూ ఇక్కడ అలా ఇరుగుపొరుగుగా బతికాయి.

ఇంగ్లీషు 'కూలీ' ఎక్కణ్ణించి వచ్చిందన్నది తేలని పంచాయితీ. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు గుజరాత్ కోలీల పేరునీ, మన కూలినీ, తుర్కీ బానిసనీ పక్కపక్కనే పెట్టి చూసింది. చైనా వాళ్ళు ఈ మాటని 'కు-లి' అని రెండు అక్షరాల్లో రాసుకున్నారు: మొదటిదానికి చేదు, రెండోదానికి బలం అని అర్థం. శబ్దం బయటిదే, అర్థం మాత్రం సొంతం. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి వెళ్ళిన ఒప్పంద కార్మికుల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ ఈ మాట ఏకంగా తిట్టయి కూర్చుంది. మన రైల్వే కూడా 2016లో 'కూలీ' వద్దని 'సహాయక్' అంది. పేరు మార్చడం తేలికే కదా.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. చాలామంది వలస వచ్చినవాళ్ళే. ఆ వార్తలు చదువుతుంటే 'భవనం కూలి' అన్న దగ్గర ఆగిపోయాను. ఈ 'కూలి'కీ ఆ కూలికీ వేర్లు వేరు, శబ్దం ఒకటే. వ్యుత్పత్తి శాస్త్రం వాటిని కలపదు. ఆ పూట మాత్రం నేను విడదీయలేకపోయాను.

అంతా చూశాక నాకు అర్థమైంది ఇది. మన భాషలో ఈ మాట ముందు చెప్పేది మనిషి స్థాయిని కాదు, అతనికి మనం పడ్డ బాకీని. తుర్కీలో అది యజమానిని గుర్తు చేస్తుంది, చైనాలో బాధని. ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగాక బాకీ సంగతి రాలిపోయి, కింద నిలబడ్డ మనిషి ఒక్కడే మిగిలాడు. అడ్డా మీద మేస్త్రీ రోజూ అడిగే ప్రశ్నలో మాత్రం పాత అర్థం ఇంకా బతికే ఉంది: కూలి ఎంత? ఎంత ఇవ్వాలి?