రైలు లేని రైలుకట్ట

మా మామ్మగారిది ద్రాక్షారామం. పొలానికి దారి అడిగినవారికి ఆవిడ “రైలుకట్ట దాటి ఎడమచేతివైపు” అని చెప్పేవారు. 1960ల చివర, నా చిన్నతనంలో, ఆ కట్టమీద రైలు లేదు, పట్టాలు లేవు. మేకలు మేసేవి. తరువాత తెలుగు పండితుడినై యోగార్థమూ రూఢ్యర్థమూ బోధించవలసివచ్చినప్పుడు ‘పంకజం’ పక్కనబెట్టి ‘రైలుకట్ట’నే చెప్పేవాణ్ణి. పిల్లలకు వెంటనే బోధపడేది.

కాకినాడనుండి రామచంద్రపురం, ద్రాక్షారామాల మీదుగా గౌతమీతీరాన కోటిపల్లి దాకా సుమారు 45 కిలోమీటర్ల రైలుమార్గం 1928లో వెలసింది. 1940లో, రెండవ ప్రపంచయుద్ధపు అవసరాలకని, తెల్లదొరల ప్రభుత్వం పట్టాలు ఊడబెరికించి తీసుకుపోయింది. నడిచినది పన్నెండేళ్ళు, అంటే ఒక పుష్కరం. యుద్ధమెక్కడ, కోటిపల్లి రేవెక్కడ! మామ్మగారి మాటల్లో మాత్రం “ఇనుముకు కరువొచ్చి రైలు పట్టుకుపోయారు”, అంతే. చరిత్రకారులైనా ఇంతకంటె క్లుప్తంగా చెప్పలేరనుకుంటాను.

ఆ పన్నెండేళ్ళలో గోదావరికి పుష్కరాలు ఒక్కసారే వచ్చాయి, 1932లో. కొత్తకోడలిగా మామ్మగారు ఆ రైలెక్కి, కోటిపల్లిలో దిగి, స్నానం చేశారు. కిటికీ ఊచ పట్టుకుంటే చేతికంటిన మసి సంకల్పం చెప్పే వేళకు కూడా వదలలేదని నవ్వుతూ చెప్పేవారు. తరువాతి పుష్కరాలకు ఎడ్లబండిమీద, ఆపైన బస్సులో వెళ్ళారు. 1991లో నేనే తీసుకువెళ్ళాను. స్నానమయ్యాక తడిబట్టలతోనే గట్టుమీద నిలబడి “స్టేషను ఎటురా?” అని అడిగారు. చూపడానికి నాకేమీ కనబడలేదు. “అటే ఉండాలి మామ్మా” అని ఎటో చెయ్యి చూపాను. 1998లో ఆవిడ పోయారు.

లోక్‌సభ స్పీకరుగా ఉన్న బాలయోగిగారి చొరవతో ఈ మార్గానికి మళ్ళీ ఊపిరి వచ్చింది. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో ఆయన మరణించారు. 2004లో రైలు నడిచేనాటికి చూడడానికి ఆయనా లేరు. మధ్య గడిచినవి అరవైనాలుగేళ్ళు, ఆరు పుష్కరాలు. ఆరోది ముందు యేడే, 2003లో! ఒక్క యేడాదిలో తప్పిపోయినందుకు నాకు నిజంగా కోపం వచ్చింది.

ఆ పట్టాలమీద రైలుబస్సని ఒంటిపెట్టె బండి నడిపేవారు. ద్రాక్షారామంలో ఎక్కి కోటిపల్లిలో దిగాను. రేవుదాకా నడిచి, వెనుదిరిగి, స్టేషను ఎటున్నదో చూచుకొన్నాను. ఆనాడు నేను చెయ్యి చూపినది మరో దిక్కు.

2020లో కరోనాతో ఆ బండీ ఆగింది. గోదావరికి మళ్ళీ పుష్కరాలు 2027లో.