పాత కంప్యూటర్‌లో డిస్‌ప్లే రావట్లేదా? షాపుకు తీసుకెళ్లే ముందు ఇవి చూడండి

స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, ముందు లైటు వెలుగుతుంది. స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంటుంది. పదేళ్లు దాటిన డెస్క్‌టాప్ ఉన్న ఇళ్లలో ఈ బాధ మామూలే. ‘మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి’ అని ఎవరైనా అనగానే చాలామంది దాన్ని మూలన పడేస్తారు, లేదంటే పాత సామాన్ల వాళ్లకి ఇచ్చేస్తారు. దాంతోపాటే పిల్లల మార్కుల లిస్టులు, పాస్‌పోర్టు స్కాన్‌లు, హజ్ దరఖాస్తు కాగితాలు, నిఖా ఫొటోలు, ఇప్పుడు లేని పెద్దల వీడియోలు కూడా పోతాయి.

నిజానికి ఈ ఫైళ్లన్నీ ఉండేది హార్డ్‌డిస్క్‌లో. డిస్‌ప్లే రాకపోవడానికి కారణం మాత్రం ఎక్కువసార్లు వేరే చోట ఉంటుంది: కేబుల్, ర్యామ్, సెల్లు, లేదా ఎస్‌ఎంపీఎస్. వీటిలో కొన్నింటిని ఇంట్లోనే పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు.

విశాఖలో ఈ సమస్య ఎందుకు ఎక్కువ?

విశాఖ సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. గాలిలో తేమ ఎక్కువ, దాంతోపాటు ఉప్పు కూడా ఉంటుంది. హార్బర్‌ను ఆనుకుని దర్గా కొండ దిగువన ఉన్న పాతనగరం ఇళ్లకైనా, స్టీల్‌ప్లాంట్ వైపు గాజువాక, కూర్మన్నపాలెం ఇళ్లకైనా తేమతోపాటు దుమ్ము బెడద కూడా ఉంది. దుమ్ము మీద తేమ చేరితే ర్యామ్ అంచున ఉండే బంగారు రంగు గీతల మీద సన్నని పొర కడుతుంది. కరెంటు సరిగ్గా అందదు. కొన్ని నెలలు వాడకుండా పక్కన పెట్టిన కంప్యూటర్ ఒక్కసారిగా మొరాయించడానికి తరచూ ఇదే కారణం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. వాన నీళ్లు తగిలిన కంప్యూటర్‌ను కరెంటు రాగానే ఆన్ చేయొద్దు. లోపల పూర్తిగా ఆరేదాకా ప్లగ్ పెట్టకూడదు.

ముందు బయట చూడండి

మానిటర్ లైటు వెలుగుతోందా? దాని వెనక కేబుల్ రెండు వైపులా గట్టిగా బిగిసి ఉందా? 15 పిన్నుల నీలం రంగు వీజీఏ కేబుల్ అయితే విప్పి, పిన్ను ఏదైనా వంగిందేమో చూడండి. మానిటర్ మెనూలో వీజీఏ, హెచ్‌డీఎంఐ అని రెండుంటే కేబుల్ పెట్టింది ఎంచుకున్నారో లేదో చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డుకు కాదు.

తర్వాత చీకట్లో స్క్రీన్ మీద ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూడండి. మసకగా బొమ్మ కనిపిస్తే తప్పు మానిటర్ లోపలి లైటుది, కంప్యూటర్‌ది కాదు. కీబోర్డులో నమ్‌లాక్ నొక్కితే లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ పనిచేస్తున్నట్టే. అప్పుడు వేరే మానిటర్ పెట్టి చూడాలి.

బీప్ శబ్దం వినండి

ఆన్ చేయగానే లోపల చిన్న స్పీకర్ ఉంటే బీప్ వస్తుంది. ఒక్క చిన్న బీప్ అంటే సాధారణంగా అంతా బాగున్నట్టే. చాలా బోర్డుల్లో ఆగి ఆగి వచ్చే పొడవాటి బీప్‌లు ర్యామ్ సమస్యను, ఒక పొడవు రెండు చిన్న బీప్‌లు గ్రాఫిక్స్ సమస్యను చెబుతాయి. కంపెనీని బట్టి ఇది మారుతుంది కాబట్టి బోర్డు మోడల్ పేరు చూసుకుని సరిపోల్చుకోండి.

ఇప్పుడు డబ్బా విప్పండి

అందరూ సీపీయూ అని పిలిచే డబ్బా విప్పే ముందు ప్లగ్ పూర్తిగా తీసేయండి. పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు చాలావరకు పోతుంది. డబ్బా ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకున్నాకే లోపల చేయి పెట్టండి.

ర్యామ్: రెండు చివర్ల క్లిప్పులు వెనక్కి వంచి ర్యామ్ బయటికి తీయండి. బంగారు గీతల మీద మెత్తని పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా తుడవండి, గట్టిగా రుద్దితే పూత లేస్తుంది. పొడి బ్రష్‌తో స్లాటులో దుమ్ము దులపండి. తిరిగి పెట్టేటప్పుడు క్లిప్పులు టక్కున పడాలి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటిగా వేరే స్లాటులో పెట్టి చూడండి. డీడీఆర్2 స్లాటులో డీడీఆర్3 పట్టదు, బలవంతం చేయొద్దు.

సెల్లు: బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 సెల్లు 3 వోల్టులది. టైము, తేదీ ప్రతిసారీ తప్పుగా చూపిస్తుంటే అది అయిపోయినట్టే. ప్లగ్ తీసి ఉంచి, సెల్లు పది నిమిషాలు బయట పెట్టి కొత్తది వేయండి. కొన్ని పాత బోర్డులు దీంతోనే డిస్‌ప్లే ఇస్తాయి.

కెపాసిటర్లు: బోర్డు మీద నిలబడి ఉండే చిన్న డబ్బాల పైభాగం ఉబ్బినా, గోధుమ రంగు జిగురు కారినా బోర్డుకు రిపేరు కావాలి. 2000ల మొదట్లో వచ్చిన చాలా బోర్డుల్లో ఈ లోపం కనిపించింది.

ఎస్‌ఎంపీఎస్: దీన్ని ఇంట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా లోపల ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉండొచ్చు. పాత లావు మానిటర్లకూ ఇదే జాగ్రత్త. వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉంటే అది 230 మీదే ఉండాలి. ప్రాసెసర్ దగ్గర 4 పిన్నుల ప్లగ్ ఊడితే ఫ్యాన్లు తిరిగినా డిస్‌ప్లే రాదు.

షాపులో ఏమని చెప్పాలి?

ఇవన్నీ చేసినా రాకపోతే సర్వీసు షాపుకు తీసుకెళ్లండి. ఏమేం చూశారో, ఎన్ని బీప్‌లు వచ్చాయో చెప్పండి. ‘నన్ను అడగకుండా ఫార్మాట్ చేయొద్దు’ అని ముందే గట్టిగా చెప్పండి. డిస్‌ప్లే రాకపోవడానికి ఫార్మాట్ మందు కాదు.

బోర్డు నిజంగానే పోయిందని తేలితే హార్డ్‌డిస్క్ తీసి ఇవ్వమని అడగండి. సాటా హార్డ్‌డిస్క్‌ను యూఎస్‌బీ కేసులో పెట్టి వేరే కంప్యూటర్‌లో తెరవొచ్చు. వెడల్పు పట్టీ కేబుల్ ఉన్న పాత ఐడీఈ డిస్క్ అయితే దానికి సరిపడే అడాప్టర్ కావాలి. ఫైళ్లు కనిపించగానే రెండు చోట్ల కాపీ చేసుకోండి. ఆ తర్వాతే పాత డబ్బాను ఈ-వ్యర్థాలు తీసుకునే వారికి ఇవ్వండి, హార్డ్‌డిస్క్ మాత్రం ఇంట్లోనే ఉంచుకోండి.

బాగైన కంప్యూటర్‌ను కిటికీ పక్కన, నేల మీద పెట్టకండి. వారానికోసారి గంటసేపు ఆన్ చేస్తే ఆ వేడికి లోపలి తేమ తగ్గుతుంది.